కొంచెం తగ్గించిన చరణం

బొగ్గుబావి మీద ల్యాంపురూంలో పనిచేసి రిటైరైన ఆడమనిషికి, ఫోనులో పాటలు తయారుచేసే యాప్‌తో ఏం పని అని మీరు అడగవచ్చు. అడగండి. నేనూ నన్ను అదే అడుగుతుంటాను. ఆ యాప్ ఇప్పటికీ నా ఫోనులో ఉంది. తెరిచి ఏళ్ళయింది. తీసేద్దామంటే మాత్రం మనసు రాదు.

మీలో చాలామంది ఇప్పుడు చేతిలోని ఫోనుతోనే పాట కట్టి, దానికి దరువు వేసి, గొంతు నున్నగా చేసి లోకం మీదికి వదులుతున్నారు. సంతోషం. అయితే ఆ పట్టీల మీద మీ వేలు పైకి కిందికి జరిపేటప్పుడు ఎవరి మాట కిందికి పోతోందో ఒకసారి చూసుకోండి. నాది ఎలా పోయిందో చెప్తాను.

ముందు ల్యాంపురూం సంగతి. భూమిలోకి దిగే ప్రతి కార్మికుడూ మా కిటికీ దగ్గరికి వచ్చి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తాడు. మేము అతని దీపం ఇస్తాం. అది టోపీకి తగిలించుకునే దీపం, దాని బ్యాటరీ నడుముకు కట్టుకుంటారు. బిళ్ళ మా దగ్గర మేకుకు వేలాడుతుంది. అతను పైకి వచ్చి దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకుపోతాడు. షిఫ్టు అయిపోయినా ఏ మేకుకైనా బిళ్ళ మిగిలితే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్నమాట. నా భర్త బిళ్ళ మిగిలిపోయిన రోజు నేను ల్యాంపురూంలో లేను, క్వార్టరులో బియ్యం చెరుగుతున్నాను. ఆయన పోయినందుకే నాకు ఆ ఉద్యోగం వచ్చింది. మా బొగ్గుబావుల ఊళ్ళలో ఈ మాట చాలా మామూలుగా అంటారు. "ఆమెకు మొగని నౌకరి వచ్చింది" అంటారు, పెన్నో గొడుగో చేతికి వచ్చినట్టు.

ఆయన మీద బండ పడింది. పైకప్పు కూలింది. టోపీ పెట్టుకోలేదు, పోకూడని చోటికి పోయాడు, సొంత నిర్లక్ష్యం అని పైవాళ్ళు తేల్చారు. కాని ఆయన ముఖం కడిగింది నేను. గడ్డం కింద టోపీ పట్టీ ముద్ర ఎర్రగా దిగి ఉంది. సమాధుల దగ్గర, ఆయనతో జోడీగా పనిచేసిన మనిషి నా పక్కకు వచ్చి తల వంచుకుని మెల్లగా ఒకే మాట చెప్పాడు.

"కర్ర దిగలే వదినె. పొద్దటి నుంచి అడుగుతనే ఉన్నం. కర్ర దిగలే."

బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలబెడతారు. ఆ షిఫ్టుకు ఆ కర్రలు పైనుంచి కిందికి పంపలేదు. అదీ ఆ మాటకు అర్థం. అతను ఆ మాట ఇంకెక్కడా చెప్పలేదు. నేను ఎక్కడ చెప్పాలో నాకు తెలియలేదు. అప్పటికి నాది వేలిముద్ర.

నా పుట్టిల్లు ఇచ్చోడ దగ్గరి పల్లె. బాపు పత్తి చేనుకు కూలికి పోయేవాడు. అవ్వ మా మెథడిస్టు సంఘంలో పాట ఎత్తే మనిషి. నేను బడి మెట్టు ఎక్కలేదు గాని ఆరాధన పాటలన్నీ నోటికి వచ్చు. బొగ్గుబావికి వచ్చాక మొదట పేలుడు మందు కూరిన రంధ్రాలు మూసే మట్టి ముద్దలు చేసే పని ఇచ్చారు. కొన్నేళ్ళకు ల్యాంపురూంకు పంపారు. నలభై దాటాక ఇక్కడి సంఘంలో పాస్టరమ్మ నాకు అక్షరాలు నేర్పింది. పలకతో కాదు, పాటల పుస్తకంతోనే నేర్పింది. పాట నాకు ముందే వచ్చు కాబట్టి ఏ మాట ఏ గీతల్లో దాక్కుందో వేలు పెట్టి వెతుక్కోవడమే నా చదువు. చాలా రోజులు నేను చదువుతున్నానో పాడుతున్నానో ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఇక అసలు సంగతి. చలికాలంలో కంపెనీ రెండు వారాలు రక్షణ ఉత్సవాలు జరుపుతుంది. బావి బావికీ పోటీ. శుభ్రతకు, పనిముట్లకు, చివరికి పాటకు, నాటికకు కూడా బహుమతులుంటాయి. నేను ఉద్యోగం దిగిపోవడానికి కొన్నేళ్ళ ముందు మా బావికి కొత్త రక్షణ అధికారి వచ్చాడు. మెత్తని మనిషి, అరవడు. ఆయనకు పాట మీద పట్టుదల. ల్యాంపురూంలో పాడే విధవ ఒకామె ఉందని ఎవరు చెప్పారో గాని, ఒకరోజు మా కిటికీ దగ్గరికి ఆయనే నడిచి వచ్చాడు.

"అమ్మా, మీరు పాడాలి. నిజంగా నష్టపోయిన మనిషి గొంతు వేరు. జనానికి నేరుగా తగులుతుంది."

మా ల్యాంపురూంలో దీపాలు బాగుచేసే ఫిట్టరు ఒకడు ఉండేవాడు. నలభైకి దగ్గరపడ్డాడు గాని ఇంకా కాలేజీ పిల్లవాడి జుట్టు. సంఘం పెళ్ళిళ్ళకు, ఊరి డీజేలకు ఫోనులోనే పాటలు తయారుచేసి ఇచ్చేవాడు. నన్ను అక్కా అంటాడు. పాట తయారుచేసే పని అతని మీద పడింది. మొదటి షిఫ్టు దిగాక, రెండో షిఫ్టు వచ్చేలోగా, పాత దీపాలు పెట్టే గదిలో మేము కూర్చునేవాళ్ళం. గోడలకు కంబళ్ళు కట్టాడు. ఫోనును బోర్లించిన టోపీ అంచు మీద నిలబెట్టి, "ఇగ పాడక్కా, గిది మన స్టూడియో" అన్నాడు.

ఆ యాప్‌లో ఒక్కో చప్పుడుకు ఒక్కో పట్టీ. డప్పుకు ఒకటి, హార్మోనియానికి ఒకటి, కోరస్‌కు ఒకటి, నా గొంతుకు ఒకటి. ప్రతి పట్టీ పక్కన ఒక గీత, గీత మీద ఒక చుక్క. చుక్కను పైకి జరిపితే గొంతు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. అక్షరాల కంటే ఇది నాకు సులువుగా వచ్చింది. నా ఫోనులో కూడా ఆ యాప్ వేయించుకున్నాను. పట్టీలకు పేర్లు తెలుగులో రాసుకోవచ్చని తెలిశాక నేనే ఒక్కో అక్షరం వెతికి కొట్టాను.

మొదట అతను వేగం ఎంతో పెంచి పెట్టాడు.

"గిదేంది తమ్మీ, బరాత్ పోతున్నమా?"

"బీటు లేకుంటే ఎవడింటడక్కా? అందరు నిద్రవోతరు."

"సావు పాటకు గుర్రం మీద ఊరేగిస్తరారా?"

నవ్వి తగ్గించాడు. తర్వాత గొంతును సరిచేసే బొత్తం ఒకటుంది, దాన్ని చివరి దాకా పెంచాడు. ఎవరో రేకు బొమ్మ పాడినట్టు వినపడింది.

"గీమె ఎవరు?"

"నువ్వేనక్కా."

"నేనైతే గీమెను ఇంట్ల అడుగువెట్టనియ్య."

దాన్నీ తగ్గించాడు. ఛార్జింగు బల్లల గుయ్యిమనే రొద ప్రతి రికార్డింగులో వచ్చేది. దాన్ని తీసే బొత్తం నొక్కితే రొదతో పాటు నా మాటల చివరలు కూడా పోయేవి. అదీ ఇదీ సర్దుకుంటూ, తిట్టుకుంటూ, చాయ్ తాగుతూ చాలా మధ్యాహ్నాలు గడిచాయి. నిజం చెప్పాలంటే నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు అవే. అందుకే ఇంత కోపం.

పాట రక్షణ అధికారి రాయించాడు. కార్మికుడా జాగ్రత్త, బూట్లు వేసుకో, టోపీ పెట్టుకో, ఇంటి దగ్గర ఇల్లాలు ఎదురుచూస్తుంది అని నడుస్తుంది. నడిమధ్యలో డప్పు ఆగి నేను ఒక్కదాన్నే పాడే రెండు లైన్లున్నాయి.

"టోపీ పెట్టని మొండి మగడు
మమ్ముల నడివీధిల విడిచిపాయె"

కాగితం మీద ఆ మాటలు చదివి నేను దాన్ని మడిచి ఆయన బల్ల మీద పెట్టాను.

"సార్, మా ఆయన టోపి పెట్టుకున్నడు."

"ఇది మీ ఆయన గురించి కాదమ్మా. జనరల్‌గా."

"జనరల్‌గ అయితే జనరల్ మనిషితోని పాడిపియ్యున్రి."

ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాదని చెప్పానుగా. "మీరు పాడితేనే దానికి విలువ. మీకేం కావాలో చెప్పండి" అన్నాడు. ఆ రాత్రి నేను నాలుగు లైన్లు కట్టుకున్నాను. నా చేత్తో రాసిన మొదటి పాట అది. మర్నాడు ఆయన ముందు నిలబడి పాడి వినిపించాను.

"టోపి నెత్తి మీదనే ఉన్నది, బూట్లు కాళ్ళకే ఉన్నయి
నొసటి మీద ఆ దీపం సుత ఆరకుండనే ఉన్నది
బండ కింద నిలవెట్టే కర్ర ఒక్కటే లేదు నా రాజా
అడిగి అడిగి గొంతెండినా కర్ర దిగలే నా రాజా"

నేను షరతు చెప్పాను. మీ రెండు లైన్లు పాడతాను, వాటి వెంటనే నా నాలుగు లైన్లు ఉండాలి. టోపీ పెట్టలేదని అందరూ అంటున్నారు, పెట్టుకున్నాడు అని నేను అంటున్నాను. రెండూ వినాలి జనం. ఆయన తల ఊపాడు. "బాగుందమ్మా. నిజాయితీ ఉంది. ఉంచుదాం" అన్నాడు. నేను ఆయన కాళ్ళకు మొక్కలేదు గాని ఆ రోజు నా మనసులో మొక్కినంత పని చేశాను. నా భర్త పోయిన ఇరవై ఏళ్ళ పైచిలుకు తర్వాత, వేలమంది ఎదుట, మైకులో, ఆ మాట చెప్పబోతున్నాను.

ఆ చరణాన్ని వేరే పట్టీలో రికార్డు చేశాడు ఫిట్టరు. దానికి నేను 'కర్ర' అని పేరు కొట్టాను. గదిలో అది మొదటిసారి వేసి వింటుంటే ఫిట్టరు చెవిలో పెట్టుకున్న తీగలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఒక్కరూ ఆ చరణం తీసెయ్యమనలేదు. ఇది గుర్తుంచుకోండి. ఒక్కరూ అనలేదు.

మొదట రక్షణ అధికారి విన్నాడు. "చాలా బాగుంది. ఆ చరణం దగ్గర మాత్రం సంగీతం కొంచెం పెరగాలి, గొంతు కొంచెం తగ్గాలి. బాధ ఎక్కువైతే చెప్పవలసిన సందేశం పోతుంది" అన్నాడు. ఫిట్టరు నా వంక చూశాడు. కొంచెమేగా అనుకున్నాను. చుక్క కిందికి జరిగింది.

కొన్ని రోజులకు యూనియన్‌లో మా బావికి పిట్ కార్యదర్శి అయిన మనిషి క్యాంటీన్ దగ్గర నన్ను ఆపాడు. అతను ఎవరో కాదు, సమాధుల దగ్గర నాకు ఆ మాట చెప్పిన నా భర్త జోడీదారే. మోకాళ్ళు పోయాయి, బావిలో దిగడం మాని యూనియన్‌లో ఎదిగాడు. ఇద్దరికీ చాయ్ చెప్పి బల్ల మీద ఎదురుగా కూర్చున్నాడు.

"వదినె, గా నాలుగు లైన్లు జర తగ్గియ్యమను."

"నాకు చెప్పింది నువ్వే గదనయ్యా?"

"చెప్పిన. చెప్పలేదంటున్ననా? గప్పుడు నా కొడుకు తొట్టెలల్ల ఉన్నడు. గిప్పుడు డాక్టర్లు నన్ను అన్‌ఫిట్ అని రాస్తెనే వానికి నా నౌకరి. వాని కాయిదం సార్ల చేతులల్ల తిరుగుతున్నది."

"అంటే మీ అన్న గొంతు పిసకమంటవా?"

"పూర్తిగ ఎవలన్నరు వదినె? జర. ఇనవడుతది, ఇనవడకుంట ఎట్ల వోతది? నీ లైన్లు నీకే ఉంటయి. ఎవల మీదికి పోనట్టు ఉండాలె, గంతే."

చాయ్ తాగలేదు నేను. అతను నా గ్లాసు కూడా తాగి లేచిపోయాడు. కాని నేను వెళ్ళి ఫిట్టరుకు అతను చెప్పింది చెప్పాను. ఎందుకంటే ఆ పిల్లవాడు తొట్టెలలో ఉన్నప్పుడు నేను ఊపాను. చుక్క ఇంకొంచెం జరిగింది.

తర్వాత ఫిట్టరు తనంతట తానే తగ్గించాడు. అతనికి ఎవరి భయమూ లేదు, సంగీతం పిచ్చి. ఆ చోట డప్పు పది రకాలుగా కట్టాడు, దాని కింద ఏదో గుండె కొట్టుకున్నట్టు చప్పుడు పెట్టాడు. "మిక్సింగ్‌ల గట్లనే ఉంటదక్కా. నీ గొంతు లోపల్నుంచి రావాలె, ఎక్కడో బాయి లోపల్నుంచి వచ్చినట్టు. మస్తుగుంటది" అన్నాడు. నాకు ఆ మాట బాగానే అనిపించింది. బావి లోపలి నుంచి మా ఆయనే పాడుతున్నట్టు ఉంటుందేమో అనుకున్నాను. ఆఖరున రక్షణ అధికారి మరోసారి విని, "ఇంకొక్క పిసరు" అన్నాడు.

వద్దు అంటే ఎదురు తిరగగలం. యూనియన్‌కు పోతాం, గేటు దగ్గర కూర్చుంటాం, కాగితం రాస్తాం. కొంచెం తగ్గించండి అని మెత్తగా అడిగేవాళ్ళతో ఎలా పోట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు. కొంచెం ఇవ్వనన్న మనిషి చెడ్డదైపోతుంది. అందరూ మంచివాళ్ళే, అందరిదీ కొంచెమే. అన్ని కొంచేలూ కలిసి ఒక మనిషిని రెండోసారి పూడ్చాయి.

పోటీ రోజు. గోదావరి అవతలి ఒడ్డున ఇంకో బొగ్గుబావుల ఊళ్ళో మైదానం. కంపెనీ బస్సులో బయల్దేరాం. నన్ను తెల్లచీర కట్టుకు రమ్మన్నారు. విధవ వేషం కదా. నా దగ్గర ఉన్న తెల్లచీర చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారపు ఆదివారాలకు కట్టుకునేది. మా వాళ్ళలో పెళ్ళికూతురు కట్టేదీ తెల్లచీరే, నా పెళ్ళికీ అదే. ఎవరికి చెప్పేది? కట్టుకున్నాను. కోరస్‌లో పాడే కార్మికులు వెనక సీట్లలో పేకాడుతూ ఒకరినొకరు ఏడిపించుకుంటున్నారు.

"ఒకసారి ఇని యాది చేసుకో అక్కా, పెదవులు కలవాలె" అని ఫిట్టరు తన ఫోను నాకిచ్చి నిద్రపోయాడు. అప్పటికి నాకు తెలిసిందేమిటంటే, అక్కడ మేము నిజంగా పాడం. తయారైన పాట పెద్ద స్పీకర్లలో వస్తుంది. మేము దానికి పెదవులు కదుపుతూ ఆడాలి.

చెవుల్లో తీగలు పెట్టుకుని విన్నాను. రక్షణ అధికారి గదిలో విన్నప్పుడు నలుగురి మధ్య విన్నాను. ఇప్పుడు ఒంటరిగా విన్నాను. "టోపీ పెట్టని మొండి మగడు" అని నా గొంతు ఖంగుమని మోగింది. దాని వెంటనే డప్పు వచ్చింది. డప్పు కింద ఎవరో గోడ అవతల గొణిగినట్టు ఏదో ఉంది. అది నా చరణం. మాట అర్థం కాదు. నాకే అర్థం కాలేదు, కట్టినదాన్నే.

యాప్ తెరిచాను. పట్టీలు వరుసగా వచ్చాయి. 'కర్ర' అన్న పట్టీ దగ్గర చుక్క దాదాపు అడుక్కు ఉంది. నేను దాన్ని వేలితో పట్టి పై చివరి దాకా తోశాను. డప్పు చుక్కను సగానికి దించాను. మళ్ళీ మొదటి నుంచి విన్నాను. అప్పుడు బస్సు గోదావరి వంతెన ఎక్కింది. కింద నీళ్ళు తక్కువగా ఉన్నాయి, ఇసుక తెల్లగా మెరుస్తోంది. చెవుల్లో నా గొంతు, ఎవరూ సరిచెయ్యని గొంతు, కర్ర దిగలే నా రాజా అంటోంది. ఆ పాటను ఉన్నది ఉన్నట్టు విన్నది లోకంలో నేను ఒక్కదాన్నే. వంతెన దాటేసరికి అయిపోయింది. ఫోను మూసి మెల్లగా ఫిట్టరు ఒళ్ళో పెట్టాను. అతను కదలలేదు. ఇవాళ వినపడుతుంది.

మైదానం నిండా జనం. ముందు వరుసలో సోఫాలు, వాటిలో అధికారులు, వాళ్ళ ముందు నీళ్ళ సీసాలు. వెనక కుర్చీల్లో యూనియన్ వాళ్ళు. ఆ వెనక కార్మికులు, భార్యలు, పిల్లలు. మా బావి పేరు పిలిచారు. నా చేతికి ఒక మైకు ఇచ్చారు. అందులో బ్యాటరీ కూడా లేదు.

పాట మొదలైంది. కోరస్ వాళ్ళు టోపీలతో, ఉత్త దీపాలతో అడుగులు వేస్తున్నారు. డప్పు ఆగింది. నేను ముందుకు వచ్చాను. మైదానం మొత్తం మీద నా గొంతు పరుచుకుంది. టోపీ పెట్టని మొండి మగడు, మమ్ముల నడివీధిల విడిచిపాయె. ముందు వరుసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. నేను నా చరణం కోసం ఎదురుచూశాను.

డప్పు లేచింది. ఆ డప్పు కింద ఎక్కడో గోడ అవతల గొణుగుడు.

స్పీకరు చెడిందేమో అనుకున్నాను. ఫిట్టరు వంక చూశాను. అతను సౌండు పెట్టెల పక్కన నిలబడి, అంతా బాగుందని బొటనవేలు చూపించాడు. మొదటి లైను అలా పోయింది. రెండో లైనుకు నేను నోరు కదపడం ఆపి గొంతు తెరిచాను. ఆ చచ్చిన మైకును కిందికి దించి, ఉన్న బలమంతా పెట్టి పాడాను. బండ కింద నిలవెట్టే కర్ర ఒక్కటే లేదు నా రాజా. మెడ నరాలు తెగుతాయనిపించింది. నా పక్కన దీపం పట్టుకున్న కోరస్ మనిషి ఉలిక్కిపడి అడుగు తప్పాడు. అంతే. ఆ డప్పు దాటి నా గొంతు అతని దాకా పోయింది, ఇంకెక్కడికీ పోలేదు. యూనియన్ వరుసలో పిట్ కార్యదర్శి నా నోటి వంకే చూస్తున్నాడు. ఆ మాటలు అతనివే కదా, వినకపోయినా తెలుస్తాయి. ఆఖరి లైను దగ్గర అతను వంగి చెప్పు సర్దుకున్నాడు. పాట అయ్యేదాకా సర్దుకుంటూనే ఉన్నాడు.

దిగగానే ఫిట్టరును పట్టుకున్నాను.

"నేను బస్సుల పెంచిన తమ్మీ. పైదాక పెంచిన. ఏమాయె?"

అతనికి మొదట అర్థం కాలేదు. ఫోను తెరిచి చుక్క చూశాడు, నా ముఖం చూశాడు.

"అక్కా, పాట నిన్ననే తయారు చేసి పెన్‌డ్రైవ్‌ల వేసి సార్‌కిచ్చిన. గీడ వెట్టింది గది. నువ్వు ఫోన్ల ఎంత పెంచినా దానికి తెల్వది. వండిన కూర డబ్బల వెట్టి పంపినంక కుండల ఉప్పేస్తే డబ్బలకు వస్తదా?"

అక్షరాలు నేర్చుకున్నాను, చుక్కలు జరపడం నేర్చుకున్నాను. పాట నా చేతిలో ఉందనుకున్నాను. చేతిలో ఉన్నది కుండ. డబ్బా ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఒక్క మాట నాకు చెప్తే..." అన్నాడు. నిజమే. చెప్తే అతనేం చేసేవాడో నేనూ ఆలోచించాను, అతనూ ఆలోచించాడు. ఇద్దరం ఆ మాట అక్కడే వదిలేశాం.

సాయంత్రం బహుమతులు. మా పాటకు మొదటి బహుమతి. ఆ తర్వాత వ్యక్తిగత బహుమతులు చదువుతూ న్యాయనిర్ణేత మైకు ముందుకు వచ్చాడు. ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పే మనిషట.

"ల్యాంపురూం సోదరి నటన చూసి నేను నిర్ఘాంతపోయాను. వెనక నుంచి ట్రాక్ వస్తోందని తెలిసి కూడా, నిజంగానే పాడుతున్నదా అన్న భ్రమ కలిగించింది. ఆ చరణంలో మెడ నరాలు ఉబ్బించి, కన్నీళ్ళు తెప్పించుకుని... ఉత్తమ నటి ఆమే."

చప్పట్లు. నేను కదలలేదు. వెనక నుంచి పిట్ కార్యదర్శి నా భుజం తట్టాడు.

"పో వదినె, పిలుస్తున్నరు. మంచిగ చేసినవ్."

"ఏం చేసిన?"

నేను వెళ్ళి షీల్డు తీసుకున్నాను. రక్షణ అధికారి నాతో ఫొటో దిగాడు. ఆయన కళ్ళలో నిజంగా నీళ్ళున్నాయి.

కథ ఇక్కడితో అయిపోతే నేను రాసేదాన్ని కాదు. బహుమతి వచ్చిన పాట కాబట్టి దాన్ని మా బావి మీద మైకులో పెట్టారు. ప్రతి షిఫ్టు దిగేముందు వెయ్యాలని ఆర్డరు. మైకు సరిగ్గా మా ల్యాంపురూం కిటికీ పైన కట్టారు. నేను దిగిపోయేదాకా, ప్రతి షిఫ్టులో, దీపాలు అందిస్తూ ఆ పాట విన్నాను. పాతవాళ్ళు పట్టించుకునేవారు కాదు. ఫిట్టరు ఆ పాట వచ్చినప్పుడల్లా లోపలి గదికి పోయేవాడు.

నా ఉద్యోగం ఆఖరి రోజుల్లో కొత్త కార్మికులు చేరారు. ఒకరోజు వాళ్ళలో ఒకడు కిటికీ దగ్గర ఆగాడు.

"పెద్దమ్మా, గా పాట నీదేనట గదా?"

"నాదే."

"మరి పెద్దబాపు టోపి పెట్టుకోకనే పాయెనా?"

హేళన లేదు అతని గొంతులో. జాలిగానే అడిగాడు. నా నోటితో నేను చెప్పిందే కదా అడిగాడు.

"పెట్టుకున్నడు బిడ్డా. కర్ర దిగలే."

"కర్రెందుకు పెద్దమ్మా?" అని, తెలియని ముసలమ్మకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఇప్పుడు కర్రలెక్కడియి? పైబండకు ఇనుప బోల్టులు గదా కొట్టేది."

వెనక వరుసలోంచి "జల్ది కానియ్యురా" అని అరిచారు. అతను దీపం తీసుకుని తిరిగాడు.

"బోల్టులు కొట్టినంకనే కిందికి పో" అన్నాను. "కొట్టిన్రో లేదో నువ్వే చూసుకో. ఎవల మాట ఇనకు."

అతను ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంది పెద్దమ్మా? ఇనవడ్తలేదు" అన్నాడు. మళ్ళీ అరిచి చెప్పాను. నా నోటి వంక చూసి, మర్యాదకు తల ఊపి, వెళ్ళిపోయాడు. మా నెత్తి మీద మైకులో నా గొంతు టోపీ గురించి పాడుతోంది.